సముద్రానికి పది నిమిషాల నడక

"ఎవరి నడక?" అని అడిగింది ధరణి.

నాకు అర్థం కాలే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మా ఎం.ఏ. హిస్టరీ క్లాసంతా కూసున్నది. నేను ముంబై టూర్‌కి ఇన్‌ఛార్జిని. ముప్పై రెండు మంది స్టూడెంట్లు, బాలస్వామి సార్, వనజ మేడమ్, మొత్తం ముప్పై నాలుగు. డిసెంబర్‌ల నాలుగు రోజులు. ఫోన్‌ల హోటళ్ల లిస్టు చదువుకుంట మూడో హోటల్ కాడికి వచ్చి, "సముద్రానికి పది నిమిషాల నడక" అన్న. గప్పుడు పడింది ఈ ప్రశ్న.

"ఎవరి నడక అంటే ఏంది?"

"నీ నడకా, నా నడకా, బాలస్వామి సార్ నడకా? సార్‌కి మోకాళ్ల నొప్పులు. వాళ్లు రాసుకున్నదల్లా నమ్మేస్తావా కమలాకర్?"

అందరు నవ్విన్రు. నాకు మండింది. ఈ ఇన్‌ఛార్జి పని నేను అడుక్కున్నది కాదు. హిందీ మంచిగ మాట్లాడతనని సార్ నా నెత్తిన పెట్టిండు.

"గంత డౌటుంటే నువ్వే నడిచి చూడు," అన్న.

"సరే, పద."

"ఎక్కడికి, ముంబైకా?"

"మ్యాపులో ఎంత దూరమో చూడు. అంత దూరం ఇక్కడే నడుద్దాం."

చూసిన. తొమ్మిది వందల మీటర్లు. ఫోన్ పట్టుకొని మెట్లు దిగినం. రెండేండ్ల నుంచి ఒకటే క్లాస్, కానీ నోట్సు అడుగుడు తప్ప మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు. ధరణి తార్నాక అమ్మాయి, ఇంటినుంచి వస్తది. వాళ్లది కాకినాడ దిక్కు, తాతల కాలంలనే ఇక్కడికొచ్చి సెటిలైన్రు. నేను జనగామ దగ్గర పల్లెటూరోన్ని, హాస్టల్‌ల ఉంట. ఆమె మాట మెత్తగ ఉంటది, మాట వెనకున్న పట్టుదల మాత్రం మెత్తగ ఉండదు. అది ఆ రోజే తెలిసింది.

ఆమె నడక గురించి ఏం చెప్పాలె. ప్రతి చెట్టు కాడ ఆగుతది. పిల్లి కనపడితే పలకరిస్తది. తొమ్మిది వందల మీటర్లకి పదిహేడు నిమిషాలు పట్టింది.

"ఈ హోటల్ క్యాన్సిల్," అన్నది, రోడ్డు పక్క అరుగు మీద కూసొని.

అట్ల మొదలైంది. రోజు నాలుగింటికి క్లాసు అయిపోంగనే ఒక హోటల్. కాలేజీ మెట్లే రిసెప్షన్. అక్కడినుంచి ఎంత దూరముంటే అంత నడుసుడు. ఎం.ఏ. ప్రాజెక్టు రాసుడు పక్కకువోయింది, ఇదే మాకు పెద్ద పరిశోధన అయింది.

"ఇప్పుడు ఎడమ పక్కన సముద్రం," అంటది ధరణి. ఎడమ పక్క చూస్తే హాస్టల్ గోడ, దాని మీద ఆరేసిన బనీన్లు.

"అలలు మస్తుగున్నయి," అంట నేను.

"నవ్వకు. కళ్లు మూసుకుని చూడు."

కండ్లు మూసుకున్న. నిజం చెప్తున్న, గాలి ఉప్పగ తగిలినట్టే అనిపించింది. కండ్లు తెరిస్తే ఆమె గూడ మూసుకొనే ఉన్నది, జుట్టు మొఖం మీద పడి. నేను ఏదో ఒకటి చూడాలె కాబట్టి బనీన్ల దిక్కు చూసిన.

ఒకరోజు రెండు కిలోమీటర్ల హోటల్ వచ్చింది. అంటే కాలేజీ నుంచి తార్నాక చౌరస్తా దాక. సగం దూరంల వాన. ఇద్దరికి ఒకటే గొడుగు, అది గూడ ఆమెదే, పూలున్నది. నా కుడి భుజం మొత్తం తడిసింది. ఎడమ భుజానికి ఏమైందో నాకు సోయి లేదు.

మెట్రో పిల్లర్ కింద ఆగినం. మిర్చిబజ్జీ బండి కాడ పొగ, వాన చప్పుడు. ధరణి బజ్జీని విరిచి ఊదుకుంట అన్నది, "నేనింతవరకు హోటల్లో ఉండలేదు, తెలుసా? ఒక్కసారి కూడా."

"నేను గూడ ఉండలే."

"మేం ఏ ఊరెళ్లినా చుట్టాలింట్లోనే. విజయవాడ వెళ్తే పెద్దమ్మ, వైజాగ్ వెళ్తే మావయ్య. చుట్టాలు లేని ఊరికి మేం వెళ్లం. నాకేమో ఎప్పట్నుంచో ఒక కోరిక. సాయంత్రం దాకా ఊరంతా తిరిగి, కాళ్లు నొప్పెట్టి, కౌంటర్ దగ్గరకెళ్లి నా గది తాళం అడగాలి. కిటికీ తెరిచి, అలల చప్పుడు వింటూ పడుకోవాలి. ఎవరూ 'ఇంకో గరిటె వేసుకో' అనకూడదు."

"డిసెంబర్‌ల అడుగుతవు గద."

ఆమె బజ్జీ పక్కన పెట్టింది. "నాన్న ఒప్పుకోలేదు. టూర్‌కి వెళ్లు, ఠానేలో పిన్ని ఇంట్లో ఉండు అంటున్నారు. ఠానే నుంచి సముద్రానికి గంటన్నర. ఇంక నేను చూసేది లోకల్ ట్రైనూ, పిన్ని వాళ్ల టీవీ. అయినా మీ హోటల్ సంగతులన్నీ తీసుకొస్తే చూసి చెప్తానన్నారు. వచ్చే ఆదివారం."

వాళ్ల నాన్న సుందరరావు గారు హబ్సిగూడల ఒక ల్యాబుల పనిచేస్తరు. ఏదైనా రెండుసార్లు టెస్ట్ చేసి చూస్తే తప్ప నమ్మరట. పేరెంట్స్ సంతకం లేకుంటే వనజ మేడమ్ ఎవర్నీ ట్రైన్ ఎక్కనియ్యరు.

ఆమె రోడ్డు దిక్కు చూస్తున్నది. ఆమె మొఖం చూసి నాకు దిల్ ఖరాబైంది. ఈ పిల్ల రాకుంటే ముంబై ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనుకున్న. అనుకున్నంక భయమైంది. ఇది ఇన్‌ఛార్జి అనుకునే మాట కాదు.

ఆ వారం నేను క్లాసుల కన్న ఫోన్‌లనే ఎక్కువున్న. చర్చ్‌గేట్ దిక్కు ఒక పాత హోటల్ దొరికింది. ఆరు వందల మీటర్లు. ధరణి నడకతోటి పది నిమిషాలు, రెండుసార్లు నడిచి చూసినం. ఆ హోటల్ మేనేజర్‌కి నా గొంతు అలవాటైపోయింది. మా రూమ్మేట్ దివాకర్ అయితే, "అరే, నువ్వు హోటల్ బుక్ చేస్తున్నవా, కొంటున్నవా?" అన్నడు.

ఆదివారం తార్నాకల వాళ్లింటికి పోయిన. ఇస్త్రీ అంగీ, చేతుల ఫైలు. అరుంధతి ఆంటీ "కాఫీ తాగుతావా బాబూ" అని లోపలికి పోయింది. ధరణి సోఫా అంచు మీద కూసున్నది, పరీక్ష రిజల్టు వచ్చే రోజు లెక్క. సుందరరావు గారు అద్దాలు పెట్టుకొని ఫైలు మొత్తం చదివిన్రు. మళ్ల మొదటినుంచి చదివిన్రు.

"కాగితం మీద బాగానే ఉందయ్యా. నేనొకసారి మాట్లాడతాను," అని నంబర్ కొట్టి స్పీకర్ల పెట్టిన్రు.

నాకు అప్పటిదాక ఏ భయం లేకుండె.

"హలో, హైదరాబాద్ నుంచి, కాలేజీ టూర్ బుకింగ్ గురించి," అని హిందీల మొదలుపెట్టిన్రు.

"హా సాబ్, ధరణి మేడమ్ బుకింగే కదా," అన్నడు మేనేజర్, మస్తు ఖుషీగ. "ఏం ఫికర్ పెట్టుకోకండి. మేడమ్‌కి మొదటి అంతస్తు, మెట్ల పక్క గది. లిఫ్ట్ అంటే భయం కదా, రాసుకున్నా. దుప్పట్లు కొత్తవి తెప్పిస్తున్నా, దుమ్ము పడదు, తుమ్ములు. కిటికీ సముద్రం గాలి వచ్చే వైపు. అలల చప్పుడు వినిపిస్తదా అని కమలాకర్ సాబ్ మూడుసార్లు అడిగిండు. నేనే పొయ్యి కిటికీ తెరిచి, ఫోన్ బయటపెట్టి వినిపించిన. చిన్న మాట సాబ్. మొత్తం ముప్పై మూడు మంది అన్నరు, ఇప్పటిదాక ఒక్క పేరే ఇచ్చిన్రు. మిగిలిన ముప్పై రెండు పేర్లు ఎప్పుడిస్తరు?"

సుందరరావు గారు ఫోన్ పెట్టేసిన్రు. అరుంధతి ఆంటీ కాఫీ గ్లాసులు పట్టుకొని గుమ్మం కాడనే ఆగింది. ధరణి నేల దిక్కు చూస్తున్నది, చెవులు ఎర్రగైనయి.

"మా అమ్మాయి లిఫ్ట్ ఎక్కదని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే అంకుల్. మెట్రో స్టేషన్‌ల చూసిన. అందరు లిఫ్ట్ కాడికి పోతే, ఎక్సర్‌సైజ్ అని చెప్పి మెట్లెక్కుతది. ఎక్సర్‌సైజ్ ఇష్టమున్న మనిషి నడక అట్ల ఉండదు."

"తుమ్ములు?"

"లైబ్రరీల పాత పుస్తకం తెరిస్తే ఏడు తుమ్ములు. ఆరు ఎప్పుడు రావు."

"అంటే ఏంటయ్యా దీనర్థం?"

అబద్ధం చెప్దామనుకున్న. ఆయన చూపు ముందర ఒక్కటి గుర్తుకు రాలే. "ధరణి అంటే నాకు చాన ఇష్టం అంకుల్. ఆమెకు గూడ ఇంక చెప్పలే. మీరడిగితే వచ్చేసింది."

"అమ్మాయికి చెప్పకుండా నాకు చెప్తావేంటయ్యా," అన్నరు ఆయన. కోపమో ఏమో తెలుస్తలేదు. పర్మిషన్ లెటర్ చేతిలకు తీసుకున్నరు. చింపుతరనుకున్న. నాలుగు రోజుల ముంబై, ఆమె తాళం, ఆమె కిటికీ, అన్నీ నా నోటి తొందరతోటి పోయినయి అనుకున్న. నా మీద నాకే అసహ్యమేసింది.

"ఇందులో ముప్పై నలుగురు అని ఉంది," అన్నరు. "ఆయన ముప్పై మూడన్నాడు. ఒకరేరి?"

"లేదంకుల్, అందర్నీ లెక్కపెట్టిన. అమ్మాయిలు పంతొమ్మిది, అబ్బాయిలు పన్నెండు, సార్, మేడమ్."

"అబ్బాయిలు పదమూడు," అన్నది ధరణి, తల ఎత్తకుండనే.

వేళ్ల మీద లెక్కపెట్టిన. దివాకర్ నుంచి మొదలుపెట్టి చివరిదాక పోయిన. పన్నెండే వచ్చింది. మళ్ల లెక్కపెట్టిన.

"కమలాకర్, నిన్ను లెక్కపెట్టుకున్నావా?" అన్నది ధరణి మెల్లగ.

లెక్కపెట్టుకోలే. మూడు వారాలు హోటళ్లు ఎతికి, నా ఒక్కనికి మంచం అడగలే.

ముందుగ నవ్వింది అరుంధతి ఆంటీ. కాఫీ ఒలికింది. సుందరరావు గారు అద్దాలు తీసి తుడుచుకొని, ఆంటీ దిక్కు తిరిగిన్రు. "మనసులో వేరే ఉద్దేశం ఉన్నవాడైతే ముందు తన గది చూసుకుంటాడు. వీడికి చోటే లేదు." జేబులకెళ్లి పెన్ను తీసి సంతకం పెట్టిన్రు. "పిన్నికి నేను ఫోన్ చేస్తాలే, ఈసారికి రావట్లేదని. నువ్వు మాత్రం, బాబూ, ముందు చదువు పూర్తి చెయ్యి. ఆ తర్వాత మీ నాన్నగారిని తీసుకొచ్చి నాతో మాట్లాడు. ఈలోపు అమ్మాయి ఏమంటుందో అది నాకు తెలియదు."

అమ్మాయి ఏమంటదో నాకు గూడ తెల్వదు. గేటు దాటి చౌరస్తా దాక నా పక్కపొంటి నడిచింది. సన్నగ తుంపర. ఈసారి ఏ చెట్టు కాడ ఆగలే.

"ధరణి, ఏమన్న అను. తిట్టనన్న తిట్టు."

"ఫోన్ ఇలా ఇవ్వు."

ఇచ్చిన. ఆమె మేనేజర్‌కి కలిపింది. ఆమె హిందీ స్కూల్ పుస్తకం హిందీ, ఒక్కో మాట ఏరుకొని మాట్లాడుతది.

"ఒక మంచం తక్కువైందండీ. కమలాకర్ గారికి. రాసుకోండి. పొద్దున ఆరింటికి చాయ్ గది దగ్గరికే రావాలి, లేకపోతే తొమ్మిదింటి దాకా అందరి మీదా విసుక్కుంటారు. అన్నంలో పచ్చిమిరపకాయ పక్కన పెట్టండి, అడగడానికి మొహమాటం. బాలస్వామి సార్ గదికి దూరంగా ఇవ్వండి. పక్కనే ఉంటే రాత్రంతా సార్ మోకాళ్లకి మందు రాస్తూ కూర్చుంటారు. ఎవరికీ కాదని చెప్పలేరు. తన సంగతి తనకి గుర్తుండదు, కాబట్టి మీరే గుర్తుపెట్టుకోవాలి."

నేను రోడ్డు మీద నిలబడిపోయిన. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నడు.

"నేనా? నేను ధరణిని," అన్నది ఫోన్‌ల.

అవతల ఆయన ఏదో అడిగిండు. ధరణి నా దిక్కు చూసింది. తుంపర ఆమె కనురెప్పల మీద నిలిచి ఉన్నది.

"అవునండీ," అన్నది. "నాకు కూడా అంతే ఇష్టం."

ఆ మాట నాతోటి అనలే, ముంబై మేనేజర్‌తోటి అన్నది. పర్వాలేదు. నేను గూడ ముందు వాళ్ల నాన్నతోటే అన్న కద.