ఆ ఏడు నిమిషాలు

ఉదయం ఆరున్నరకి ఆవిడ ఎడమకాలి చెప్పు ఎదురు తిరిగింది. కుడికాలిది మామూలుగానే ఎక్కింది. ఎడమది మాత్రం పట్టీ దగ్గర ఆగి, నువ్వెవరో నాకు తెలీదన్నట్టు మొరాయించింది. మంచం అంచున కూర్చుని చూసుకుంటే పిక్క బిగుసుకుపోయి, ఎర్రబడి, రెండో కాలికి అక్కలా ఉంది.

దూరపు ఊళ్ళో జబ్బుపడిన ఆడపడుచు దగ్గర నాలుగు రోజులుండి, భార్యాభర్తలూ కూతురూ ముందురోజే కారులో తిరిగొచ్చారు. పదకొండు గంటల ప్రయాణం. భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు. వీధిలో అందరూ ఆయన్ని అలాగే అంటారు, ఆయన లేనప్పుడు ఇంట్లోనూ అంతే. నాలుగు నిమిషాలు ఆలస్యమైన డ్రైవరుకి మెమో ఇచ్చే మనిషి సొంత కారుకి మినహాయింపు ఎందుకిస్తాడు? బయల్దేరాక మధ్యలో ఒక్కసారే ఆగాలని, అదీ పెట్రోలు కోసమేనని ఆయన నియమం. కారు దాహం తీరితే అందరి దాహమూ తీరినట్టే.

ఆ నియమానికి తగ్గట్టు ఇంట్లో ఆడవాళ్ళు ఇంకో నియమం పెట్టుకున్నారు. ప్రయాణం ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానెయ్యడం. ఆవిడ అత్తగారిని చూసి నేర్చుకుంది, కూతురు ఆవిణ్ణి చూసి నేర్చుకుంది. ఎవరూ ఎవరికీ నోటితో చెప్పలేదు.

వాచిన కాలు చూసి ఆయన కంగారుపడ్డాడు. కూర్చుని కూర్చుని పట్టేసి ఉంటుందన్నాడు. గిన్నెలో నూనె వెచ్చచేసి తెచ్చి, నేల మీద చతికిలబడి, ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకుని పిక్క నొక్కడం మొదలుపెట్టాడు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

"కాళ్ళు పట్టుకునేంత తప్పు ఏం చేశారండీ?" అంది ఆవిడ.

"చేసినవాటికీ, చెయ్యబోయేవాటికీ కలిపి," అన్నాడాయన.

నొక్కుతుంటే ప్రాణం పోతున్నట్టుందని ఆవిడ చెప్పలేదు. ఆయన అంత శ్రద్ధగా కాలు పడుతుంటే వద్దనబుద్ధి కాలేదు.

పదకొండున్నరకి, వంటగదిలో, గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. లోపలికి తీసిన ఊపిరి సగంలోనే ఆగింది. గిన్నె పడ్డ చప్పుడుకి కూతురు పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టవచ్చు, నీళ్ళు కూడా తాగకపోతే మరీ. ఇక్కడ అదే జరిగింది. ఆ గడ్డలోంచి ఒక ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరింది. మందు ఎక్కిస్తున్నాం, రేపటిదాకా ఏమీ చెప్పలేను అంది. తర్వాత మంచం వైపు వంగి, కాలు ఎవరైనా గట్టిగా నొక్కారా అని అడిగింది.

మాస్కు వెనక నుంచి ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాలు ఎత్తబోయిన నర్సు చెయ్యి నూనెకి జారింది.

"నేనే నొక్కాను," అన్నాడు టైమ్ కీపరు.

డాక్టరమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. "అందువల్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

బయట బల్ల మీద తండ్రీకూతుళ్ళిద్దరే మిగిలారు. ఆయన తన చేతులు తనవి కానట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తున్నాడు.

"నూనె సంగతి వదిలెయ్యండి నాన్నా. అది మీకు తెలీదు," అంది కూతురు. "అమ్మ మొన్న సాయంత్రం నుంచి నిన్న ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. నేనూ తాగలేదు."

"ఎందుకు?"

"కారు ఆపమని మిమ్మల్ని అడగాల్సొస్తుందని."

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "అడిగితే ఆపనా? ఎప్పుడైనా ఆపనన్నానా?"

"ఆపారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు. ఏడు నిమిషాలు. అత్తయ్య వాళ్ళ ఊరు వచ్చేదాకా ఆ ఏడు నిమిషాల గురించే మాట్లాడారు. దిగాక అత్తయ్యకి చెప్పారు. భోజనాల దగ్గర మళ్ళీ చెప్పారు. అందరూ నవ్వారు, అమ్మతో సహా. ఆ తర్వాత నేను అడగలేదు. అమ్మ నాకంటే ముందే మానేసినట్టుంది."

"సరదాకన్నానే."

"మాకూ సరదాగానే ఉండేది, దాహం వెయ్యనంతసేపు."

ఆయన తలెత్తాడు. ఎదురుగా గోడ గడియారం నడుస్తోంది. ముప్పై ఏళ్ళుగా నిమిషాలు లెక్కపెడుతున్న మనిషికి, ఒక్క నిమిషం ఎంత పొడుగుంటుందో ఆ గోడ దగ్గర తెలిసింది.

ఆవిడ బతికింది. తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. నాలుగడుగులేస్తే ఆయాసం, నెలల తరబడి మాత్రలు. ఇకమీదట ఎంత దూరం వెళ్ళినా రెండు గంటలకోసారి దిగి నడవాలి, నీళ్ళు తాగుతుండాలి, సీట్లో ఉన్నంతసేపూ పాదాలు ఆడిస్తుండాలి. ఒక కాలు వాస్తే నొక్కకుండా నేరుగా ఇక్కడికే రావాలి. డాక్టరమ్మ చెబుతుంటే టైమ్ కీపరు బడిపిల్లాడిలా ప్రతిదీ రాసుకున్నాడు.

ఇంటిదాకా పావుగంట ప్రయాణం. ఎడ్లబండి కూడా దాటి వెళ్ళేంత నెమ్మదిగా నడిపాడాయన. మలుపు మలుపుకీ పక్కకి తిరిగి ఆవిడ మొహం చూశాడు.

"ఆపండి," అంది ఆవిడ.

కారు ఉన్నచోటే ఆగిపోయింది. వెనక బండివాడు తిట్టుకుంటూ తప్పుకుపోయాడు. అప్పటికే ఆయన దిగి, చుట్టూ పరుగెత్తుకొచ్చి, ఆవిడ వైపు తలుపు తీశాడు. "ఏమైంది? ఊపిరాడట్లేదా?"

"ఏం లేదండీ. అడిగితే ఆపుతారో లేదో చూద్దామని."

పాతిక గజాల్లో వాళ్ళ ఇంటి గేటు కనిపిస్తోంది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నడివీధిలో, పట్టపగలు, మొహం మోచేతిలో దాచుకున్నాడు. వెనక సీట్లో కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఎలాగూ ఆపారుగా," అంది ఆవిడ, ఆయాసం తీర్చుకుంటూ. "ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వండి."

ఆయన మూత తీసి ఇచ్చాడు. ఆవిడ గుక్కగుక్కకీ ఆగుతూ, తీరిగ్గా తాగింది. ఎన్ని నిమిషాలు పట్టిందో ముగ్గురిలో ఎవరూ చూడలేదు.