బావగారిని మోసుకొచ్చిన రాత్రి

దీవికి ఉత్తరపు కొసన ఒక రాతి మేడ ఉంది. దాని ఊసెత్తితే చాలు, పట్టపగలైనా సరే, పడవలవాళ్ళు మాట మార్చేస్తారు. చీకటిపడ్డాక అటువైపు వెళ్ళినవాళ్ళకి లోపల్నించి ఒక గొంతు వినిపిస్తుందట. తిట్టదు, ఏడవదు, పేరు పెట్టి పిలవదు. ఒకే ఒక్క మాట అడుగుతుంది...

"వచ్చారా?"

అంతే. ఆ మాత్రానికే మగధీరులంతా చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తారు.

తాతలనాడు ఆ ఇల్లు అంటుకుందట. లోపల ఒంటరిగా ఒక ముసలావిడ. ఊరు ఊరంతా బయట నిలబడి చూసింది — ఒక్కడూ లోపలికి అడుగెయ్యలేదు. ఆవిడ మాత్రం గొంతున్నంతసేపూ అదే అడిగిందట. ఆ సిగ్గుతోనే దీవి జనం ఫైరు బృందం పెట్టుకున్నారు.

జీతం భత్యం లేని బృందం. బేకరీ ఆయన కెప్టెను. పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు ఫైరింజనుకి డ్రైవరు. పోస్టుమాన్ గొట్టం పడతాడు. ఏ ఇంట్లో కాలు పెట్టినా ముందు "వచ్చాం!" అని గట్టిగా కేకెయ్యాలి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి వినాలి — ఇది వాళ్ళ మొదటి నియమం. లోపల ఎవరైనా మూలిగితే తెలియాలి కదా మరి!

సాధన చేసేది ఆ మేడలోనే. పొగ పెట్టుకోండి, నీళ్ళు కొట్టుకోండి అని సొంత ఇల్లు ఎవరిస్తారు? సాధనకి ఇసుక కుక్కిన నిలువెత్తు బొమ్మ ఒకటి ఉంది. దానికి డిపార్టుమెంటువారి పసుప్పచ్చ రెయిన్‌కోటు తొడిగి, మెట్ల కింద పడుకోబెట్టి, బయటికి మోసుకొస్తారు. ఎప్పుడూ ఒకరు మొయ్యాల్సిందే తప్ప తనంతట తాను కదలడు కాబట్టి ఆ బొమ్మకి 'బావగారు' అని పేరు.

ఇంతలో ఒడ్డు నుంచి కబురొచ్చింది. ఫైరు డిపార్టుమెంటు ఇన్‌స్పెక్టరుగారు రేపు వస్తున్నారట. ఏడాదిగా ఒక్క మనిషినీ కాపాడని దీవికి ఫైరింజను దేనికి, పట్నానికి తోలుకుపోదాం అని ఆయన ఆలోచన.

"మంటలు రాకపోవడం మన తప్పా అన్నా?" అన్నాడు డ్రైవరు.

"సాధన బ్రహ్మాండంగా చేసి చూపిద్దాం. బండి పోయిందో, మళ్ళీ మన తాతల్లాగే బయట నిలబడి చూడాలి," అని కెప్టెను రొట్టెలు కాల్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకి డ్రైవరు చూస్తే, స్టేషన్లో బావగారి కుర్చీ ఖాళీ!

మేడలోనే వదిలేశాం కాబోలు అనుకున్నాడు. తోడు రమ్మని పోస్టుమాన్‌ని అడిగాడు.

"నాకు మోకాలు నొప్పి. అయినా అక్కడ ఒంటరిగా పడుకున్న బావగారికి లేని భయం నీకెందుకోయ్?"

చిరుజల్లు. మేడ తలుపు తోస్తే కిర్రుమంది. టార్చిలో బ్యాటరీలు ఆఖరి ఊపిరి మీదున్నాయి. డ్రైవరు "వచ్చాం" అని కేకెయ్యలేదు. ఇసుకబొమ్మకి కేకెయ్యడమేమిటి, నామర్దా!

మెట్ల కింద పసుప్పచ్చ రెయిన్‌కోటు... బోర్లా పడి ఉంది. వంగి నడుం కింద చెయ్యి వేశాడు.

అప్పుడు, ఆ చీకట్లో... మెల్లగా...

"వచ్చారా...?"

టార్చి చేతిలోంచి జారింది. ఆరిపోయింది.

పారిపోదామనుకున్నాడు గానీ, అలవాటు అలాంటిది — "వ... వచ్చాం," అనేశాడు. అనేసి, అటూ ఇటూ చూడకుండా బావగారిని భుజాన వేసుకుని ఒకటే నడక. గుమ్మానికి బావగారి తల టంగుమని తగిలింది.

"సారీ," అన్నాడు.

బావగారు మూలిగాడు. తడికి ఇసుక సర్దుకుంటోంది కాబోలు అని సరిపెట్టుకున్నాడు డ్రైవరు.

"ఈ మధ్య ఒళ్ళు చేశారు బావగారూ," అంటూ వెంట తెచ్చుకున్న ట్రాలీలో పడేసి, తిన్నగా స్టేషనుకి లాక్కొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టాడు. కెప్టెనూ పోస్టుమానూ అక్కడే ఉన్నారు. చెమట తుడుచుకునేలోపే కెప్టెను భార్య వచ్చింది, చంకలో బావగారితో.

"ఇదిగోనయ్యా మరిదీ, చిరిగిన కాలు కుట్టేశాను. పొద్దున్నే మీ అన్న తెచ్చి నా నెత్తిన పడేశాడు."

డ్రైవరు ఆవిడ చంకలో ఉన్న బావగారిని చూశాడు. కుర్చీలో బావగారిని చూశాడు.

కుర్చీలో బావగారు ఒక కన్ను తెరిచాడు.

"నమస్కారం సార్," అన్నాడు కెప్టెను. "రేపు కదా వస్తానన్నారు?"

చెప్పకుండా వచ్చి చూద్దామని ఇన్‌స్పెక్టరు, తనూ అదే డిపార్టుమెంటు రెయిన్‌కోటు తొడుక్కుని, సాయంత్రం పడవకే దిగాడట. మేడలో మెట్టు విరిగింది, తల పగిలింది. గబగబా గాయం కడిగారు, కట్టుకట్టారు, కాళ్ళకింద దిండు పెట్టారు. అందులో మాత్రం వంక పెట్టడానికి లేదు.

"తెల్లారేదాకా ఉండుంటే పోయేవాణ్ణి. ఏడాదికి ఒక్కణ్ణైనా కాపాడారు, ఆ ఒక్కడూ నేనే," అన్నాడు ఆయన నీళ్ళు తాగి. "బండి ఎక్కడికీ పోదులెండి."

డ్రైవరు ప్రాణం లేచొచ్చింది. "మీరు 'వచ్చారా' అని అడిగినప్పుడు నేను దెయ్యమనుకున్నాను సార్!"

"నేనా? నాకు నోరు పెగిలితేగా. అడిగింది ఆ పెద్దావిడ."

కెప్టెను భార్య చంకలోని బావగారిని కింద పెట్టేసింది.

"చీకట్లో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వస్తారు నాయనా, మావాళ్ళు వస్తారు అంటూనే ఉంది..." ఇన్‌స్పెక్టరు చుట్టూ చూశాడు. "అవునూ — ఆవిణ్ణి తీసుకురాలేదేం?"

వాన చప్పుడు. కెప్టెను లేచి, మేకుకున్న హెల్మెట్టు తీసి పెట్టుకున్నాడు.

"లోపల మనిషి ఉందన్నాక వెళ్ళడమే."

వెళ్ళారు. పోస్టుమాన్ మోకాలి నొప్పి కూడా వెళ్ళింది. గుమ్మంలో నిలబడి ముగ్గురూ ఒక్క గొంతుతో "వచ్చాం!" అని కేకేశారు. ఊపిరి బిగబట్టి విన్నారు. లోపల ఏ మూలుగూ లేదు. ఏ ప్రశ్నా లేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు కెప్టెనూ పోస్టుమానూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ముందు సీటు ఖాళీగా వదిలి, వానలో తడుస్తూ ఫైరింజను వెనక మెట్టు మీద నిలబడ్డారు. డ్రైవరు ముందు సీటు తలుపు తీసి, కాసేపు పట్టుకుని నిలబడి... లోపల కూర్చున్నావిడ చీర చెంగు సందులో పడకుండా చూసి వేసినట్టు, మెల్లగా వేశాడు.