పిలిచినవాళ్ళు

దేవకృప ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే పడకగదిలో భర్త జకర్యాకు దగ్గు మొదలైంది. అది తగ్గేదాకా ఆమె చేతిలో కత్తి కదలలేదు. మల్కాజ్‌గిరిలోని ఆ చిన్న ఇంట్లో వేసవి నుంచీ ఇలాగే తెల్లవారుతోంది.

జకర్యా పోస్టాఫీసులో పనిచేస్తాడు. ఆదివారం చర్చిలో పాటందుకుంటే వెనక వరసదాకా ఆయన గొంతే వినిపించేది. ఎక్కడైనా మంటలు లేచినా, నాలా పొంగినా ఫైరింజను వచ్చేలోపు పరుగెత్తే కాలనీ వాలంటీర్లలో ఆయన ఒకడు. ఆ వాలంటీర్లకు నాయకుడు దేవకృప సొంత అన్న సైలస్. వేసవిలో ఒక గోదాము అంటుకుంటే ఇద్దరూ లోపలికి వెళ్ళారు. అందరికీ కలిపి ఉన్నది ఒకటే పొగ మాస్కు. అది సైలస్ పెట్టుకున్నాడు. జకర్యా ముఖానికి తడి తువ్వాలు చుట్టుకున్నాడు. చిక్కుకుపోయిన ఇద్దరు కూలీలు బతికి బయటపడ్డారు. జకర్యా ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతిన్నాయి. ఇప్పుడాయన పాడలేడు, మెట్లెక్కలేడు.

ఆసుపత్రి వరండాలోనే దేవకృప అన్నతో మాటలు తెంచుకుంది. పోలీసుల దగ్గరికి వెళ్ళింది, లాయరును కలిసింది. జీతం తీసుకోకుండా సేవ చేసేవాడు కార్మికుడి లెక్కలోకి రాడని, అతనికి యజమాని అంటూ ఉండడని, నష్టపరిహారం ఎవరిని అడగాలన్నా కష్టమేనని లాయరు చెప్పాడు.

"ఎవర్ని అడగాల్నో నాకు తెలుసు. మా అన్నను" అంది దేవకృప.

ఆ పగ రోజురోజుకూ పెరిగిందే గాని తగ్గలేదు. సరిగ్గా అప్పుడే గోదాము మేనేజరు యుగంధర్ పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ అగ్నిప్రమాదం మీద కార్మిక శాఖ ఆఫీసులో విచారణ ఉందని, మాస్కు సంగతి ఆఫీసరు ముందు చెబితే చాలని, తప్పంతా సైలస్ మీదికే పోతుందని చెప్పాడు. ఆ రాత్రి ఆమెకు చాన్నాళ్ళ తర్వాత హాయిగా నిద్రపట్టింది. విచారణ ఇవాళే.

"పోవాల్నా కృపా?" ఉప్మా ప్లేటు అందుకుంటూ జకర్యా అడిగాడు.

"పోవాలె. మీకు ఊపిరాడక మంచంపట్టె పట్టుకొని కూసుంటే నేను చూస్తున్న. అందరి ముందర తలకాయ దించుకొని నిలబడితే ఎట్లుంటదో ఆయనకు సుత తెలవాలె."

"వాడు నీ అన్న."

"మాస్కు పెట్టుకునేటప్పుడు మీరు ఆయనకు బావ అని యాదికి రాలేదా?"

జకర్యా ఉప్మా ప్లేటు పక్కన పెట్టేశాడు. కింద యుగంధర్ కారు హారన్ మోగింది.

ఆఫీసులో సైలస్ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చెల్లెల్ని చూసి లేవబోయి, ఆమె ముఖం చూసి మళ్ళీ కూలబడ్డాడు. అతన్ని అలా చూస్తే దేవకృపకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది.

విచారణాధికారి భవాని ముందుగా సైలస్‌నే అడిగింది. "మాస్కు ఎవరు పెట్టుకున్నారు?"

"నేనే మేడమ్. అందరికంటే లోపలికి నేను పోవాలె అనుకున్న. బావ దర్వాజ కాడనే ఉంటడనుకున్న. అట్టపెట్టెల పొగనే కదా, తడిగుడ్డ సరిపోతదనుకున్న. తప్పు నాదే."

ఇన్ని నెలలు దేవకృప ఎదురుచూసిన మాట అది. ఆమె వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

అప్పుడు యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, అసలు వీళ్ళను ఎవరూ పిలవలే. లోపల కెమికల్ డ్రమ్ములున్నయ్. ఏం అడగకుండ జొరబడిన్రు. మా కూలీలకు ఏమన్నయితే మేం జవాబు చెప్తం. వాలంటీర్లు మా వర్కర్లు కాదు కదా. బాధ్యత మొత్తం వాళ్ళ లీడర్‌దే. ఈమె ఆయన సొంత చెల్లెలు. ఆమెనే చెప్తది వినండి."

దేవకృప లేచి నిలబడింది. ఎవరూ పిలవలేదా?

గోదాము అంటుకున్న రోజు ఫోను మోగేసరికి జకర్యా స్నానానికి వెళ్ళాడు. ఫోను ఎత్తింది తనే. 'అక్కా, ఇద్దరు లోపల ఉండిపోయిన్రు, జకర్యా అన్నను జల్ది పంపు. ఏం లేదు, అట్టపెట్టెలు అంటుకున్నయ్ అంతే' అని అవతల బతిమాలిన గొంతు ఇదే. ఇన్నాళ్ళూ ఆమె మనసులో మాస్కు తప్ప మరోదానికి చోటు లేకపోయింది. ఆ గొంతు ఇంటికి వచ్చి పళ్ళిచ్చినా, కారులో పక్కన కూర్చుని కబుర్లు చెప్పినా పోల్చుకోలేకపోయింది.

"చెప్పండమ్మా" అంది భవాని.

"మా అన్న మాస్కు పెట్టుకున్నడు మేడమ్. అది రాసుకోండి. నేను దాన్ని మర్చిపోను." దేవకృప యుగంధర్ వైపు తిరిగింది. "ఇది సుత రాసుకోండి. పిలిచింది ఈయననే. ఫోను ఎత్తింది నేను. అట్టపెట్టెలని చెప్పిండు. డ్రమ్ముల మాట చెప్తే మా ఆయన తువ్వాల చుట్టుకొని పోతుండెనా? మా అన్న పోనిస్తుండెనా?"

"ఈమె పరేషాన్‌ల ఉన్నది మేడమ్. ఇంకెవరిదో గొంతు అయ్యుంటది" అన్నాడు యుగంధర్. అతని చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది.

"ఏ నంబర్ నుంచి వచ్చిందో ఫోన్ కంపెనీ చెప్తది. నా అన్న మీది పగను నీ పనికి వాడుకుందామనుకున్నవ్. అందుకే కారు పెట్టి తోలుకొచ్చినవ్. నా పగ నాది. ఇంక అది నిన్ను ఇడిశిపెట్టదు."

భవాని రాయడం ఆపి తలెత్తింది.

"వాలంటీరు కార్మికుడు కాడన్నది నిజమేనమ్మా. చట్టంలో ఆ వెలితి ఉంది. కానీ ప్రమాదకరమైన సరుకు సంగతి దాచిపెట్టి మనుషుల్ని లోపలికి పంపడం వేరే లెక్క. యుగంధర్ గారూ, మీ ఫోను ఒకసారి టేబుల్ మీద పెట్టండి."

బయట ఎండ మండిపోతోంది. గేటు దగ్గర సైలస్ వెనకనుంచి వచ్చాడు.

"చెల్లె, నన్ను కాపాడాల్సిన పనిలేకుండె."

"నేను నిన్ను కాపాడలే. నీ తప్పు సుత రాయించిన."

"రాయించినవ్. మంచిగనే చేసినవ్. బావ ఎట్లున్నడు?"

"ఇంటికొచ్చి చూడు. మాస్కు తప్పు నీదేనని ఆయనకు నీ నోటితోటే చెప్పు. కేసు తేలేదాక నాతోటి తిరగాల్సింది సుత నువ్వే."

"ఆయన మొఖం ఎట్ల చూడాలె కృపా?"

"నేను నీ మొఖం చూస్తలేనా?"

నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్ళ మధ్య, సైలస్ భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. దేవకృప కళ్ళూ నిండాయి. ఇంతకాలం అన్న ఏడిస్తే చూడాలని కోరుకుంది. ఇప్పుడు చూస్తుంటే తట్టుకోలేకపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, మల్కాజ్‌గిరి బస్సు ఆగే వైపు రోడ్డు దాటించింది.