నడిమోళ్లు ఎట్ల ఆడిన్రు

జడ్చర్ల జట్టు వరుసగా మూడో మ్యాచ్‌లో కూడా ఒక్క గోల్ కొట్టలేదు. ఆట ముగిసి అరగంటైనా పర్వతాలు మైదానం గట్టు దిగలేదు. అతను ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. వయసు ఇరవై నాలుగు. పుట్టిన తర్వాత ఒక్కసారి కూడా బంతిని సరిగ్గా తన్నలేదు కానీ, ఎవడు ఎక్కడ నిలబడాలో తనకు తెలిసినంతగా కెప్టెన్‌కు కూడా తెలియదని అతని నమ్మకం. 1961 చలికాలంలో జడ్చర్లలో ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉండేవారు. వాళ్లందరూ ఆ సాయంత్రం గట్టు మీదే ఉన్నారు.

"ముందటోళ్లే దండుగ," అన్నాడు పర్వతాలు. "ఐదుగురు ఫార్వర్డ్‌లున్నరు. ఒక్కనికి గోల్ కనవడదు. సెంటర్ ఫార్వర్డ్‌ను తీసేస్తె తప్ప గీ జట్టు బాగుపడదు."

అందరూ తలలూపారు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

మైదానాన్ని ఆనుకొని పల్లికాయ తీసేసిన చేను ఉంది. ఎరువు కోసం రైతు అందులో గొర్రెల మంద పెట్టించుకున్నాడు. ఆ నల్లటి మంద ముందు, భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

ఎందుకు నవ్వావని పర్వతాలు అడిగాడు. ఆమె ఏ తొట్రుపాటూ లేకుండా జవాబిచ్చింది.

"బంతి అందితే గద సారు, ముందటోళ్లు కొట్టేది. నడుమ ముగ్గురున్నరు సూడు, వాళ్లు పోయి వెనకోళ్ల పక్కన నిలవడ్డరు. వాళ్లకూ ముందటోళ్లకూ నడుమ గంత జాగ. మా మంద మొత్తం పండుకోవచ్చు."

"నీకు ఫుట్‌బాల్ తెలుసా?"

"తెల్వదు. వారం సంది సూస్తున్న. జీవాలు ఏడ చీలిపోయినయో కనవడదా?"

గట్టు మీద పెద్ద నవ్వు లేచింది. పర్వతాలు సైకిలెక్కి వెళ్లిపోయాడు. గొర్రెలు కాసే పిల్లకు నడుమ ఆడే హాఫ్ బ్యాక్‌ల సంగతి ఏం తెలుసని దారి పొడుగునా గొణుక్కున్నాడు.

కానీ మర్నాడు ప్రాక్టీసు చూస్తుంటే అతనికి ఫార్వర్డ్‌లు కనిపించలేదు. ఆ ఖాళీయే కనిపించింది. ముగ్గురు హాఫ్‌లు నడుం మీద చేతులు పెట్టుకొని వెనకే ఉండిపోతున్నారు. ముందున్న ఐదుగురూ బంతి కోసం అంత దూరం వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పరుగెత్తేసరికి అలసిపోతున్నారు. ఎంత చూడకూడదనుకున్నా కళ్లు అక్కడికే పోతున్నాయి. ఆ తర్వాత కళ్లు ఇంకోవైపు, చేను వైపు కూడా పోవడం మొదలుపెట్టాయి. ఆ వారంలో కర్నూలు పోవలసిన తమలపాకుల బుట్టలు రెండు హైదరాబాద్ లారీ ఎక్కాయి. యజమాని తిట్టాడు. పర్వతాలుకు ఆ తిట్లు సరిగ్గా వినపడలేదు.

జట్టు కెప్టెన్ భిక్షం. సెంటర్ హాఫ్ కూడా అతనే. పర్వతాలు అతన్ని టీ హోటల్లో కూర్చోబెట్టి, బల్ల మీద సాసర్లు జరిపి చూపిస్తూ హాఫ్‌లు ఎంత ముందుకు రావాలో చెప్పాడు. భిక్షం ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి ఒక్క మ్యాచ్ చూద్దామన్నాడు. ఆ మ్యాచ్‌లో జడ్చర్ల రెండు గోల్స్ కొట్టి గెలిచింది. గట్టు మీద అందరూ పర్వతాలు వీపు చరిచారు. అతను మెల్లగా నవ్వుతూ చేను వైపు చూశాడు.

"నా మాట నీ నోట్ల మంచిగనే పలికింది," అన్నది ఆ అమ్మాయి. అంత మాత్రమే అని గొర్రెల వైపు తిరిగింది.

పర్వతాలు మొహం మాడిపోయింది. రెండు రోజులు గట్టు వైపు రాలేదు. మూడో రోజు వచ్చి, ప్రాక్టీసు ముగిశాక జట్టునంతా పిలిచి, ఆ మాట తనది కాదని, చేనులో ఉన్న పిల్లదని చెప్పాడు. కొందరు ఎగతాళి చేశారు. భిక్షం మాత్రం చేను గట్టు దాకా వెళ్లి, రైట్ హాఫ్ సంగతేమిటని ఆమెనే అడిగాడు. వాడు ముసలి పొట్టేలులాగా ఒక పక్కకే తిరుగుతాడని ఆమె చెప్పింది. అది నిజమే. వాడికి ఎడమకాలితో బంతి కొట్టడం రాదు.

ఆమె పేరు సైదమ్మ అని పర్వతాలుకు ఆ రోజే తెలిసింది.

మంద ఒక చేనులో ఇరవై రోజులకు మించి ఉండదు. మైదానం పక్క నుంచి చెరకు తోట అవతలికి, అక్కడ నుంచి కంకర రోడ్డు దాటి ఇంకో రైతు చేనుకు జరిగింది. పర్వతాలు ప్రతి మ్యాచ్ తర్వాత సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారో ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె మధ్యలో ఆపి, అప్పుడు సెంటర్ హాఫ్ ఎక్కడున్నాడని అడిగేది. అతను చూడలేదంటే, మరి అంతసేపు ఏం చూసినవని నిలదీసేది. ఆమె ఇదివరకు నిలబడిన ఖాళీ చేను వైపే చూశానని చెప్పడానికి అతనికి ధైర్యం చాలేది కాదు. మందకు మరోవైపు ఆమె తండ్రి బీరన్న చుట్ట కాలుస్తూ ఇదంతా గమనిస్తూ ఉండేవాడు.

మాటల్లో తామిద్దరిదీ ఒకటే కులమని తేలింది. తండ్రి పోయాక తల్లి మందను అమ్మేసి తనను చదివించిందని పర్వతాలు చెప్పాడు.  ఇంట్లో పొద్దున లేస్తే ఏ చప్పుడు వినిపిస్తుందని సైదమ్మ అడిగింది. తల్లీ తానూ ఉండేది కిరాయి గదిలో, లారీల చప్పుడన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

జిల్లా పోటీల్లో జట్టు ఫైనల్‌కు చేరింది. ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఆట. ఆ కబురు చెప్పడానికి ఉరుకులు పరుగులుగా వెళ్లిన పర్వతాలుకు ఇంకో కబురు ఎదురైంది. గడ్డి అయిపోయిందని, మంద ఆదివారం పొద్దునే కృష్ణా నది వైపు కదులుతుందని సైదమ్మ చెప్పింది. మళ్లీ తొలకరికే రావడం.

"మంచిగ ఆడుమని చెప్పు," అన్నది.

సరే అన్నాడు.  ఆ నాలుగు రోజులు అతను కూర్చున్న చోట కూర్చోలేదు. లెఫ్ట్ హాఫ్ మోకాలు గురించి దోస్తులు గంటలు గంటలు వాదించుకుంటుంటే ఒక్క మాట కలపలేదు. దోస్తులకు అది ఫైనల్ బెంగలాగే కనిపించింది.

ఆదివారం జట్టు, అభిమానులు లారీ ఎక్కారు. పర్వతాలు క్యాబిన్ వెనక నిలబడ్డాడు. ఐదారు మైళ్లు పోయాక రోడ్డు పక్కన నల్లగా కదులుతున్న మంద కనిపించింది. మందకు ముందు గొంగడి కప్పుకున్న బీరన్న, వెనక చంకలో గొర్రెపిల్లతో సైదమ్మ. లారీ వాళ్లను దాటిపోయింది. పర్వతాలు క్యాబిన్ మీద రెండు చేతులతో కొట్టాడు. లారీ ఆగింది. ఏమైందని అందరూ అడుగుతుండగానే దిగేశాడు. మీరు పొండి, నేను రానన్నాడు.

మూడేళ్లలో ఒక్క మ్యాచ్ తప్పించని మనిషి. భిక్షం ఒకసారి అతని వైపు, ఒకసారి మంద వైపు చూసి, డ్రైవర్‌ను పోనిమ్మన్నాడు.

"ఆట ఇడిసిపెట్టి వచ్చినవా?" అన్నది సైదమ్మ.

"ఆఁ."

"పిచ్చోనివా ఏంది. నడిమోళ్లు ఎట్ల ఆడిన్రో ఇగ నాకెవలు జెప్తరు?"

"నువ్వు పోతే నాకెవలు జెప్తరు?" అన్నాడు పర్వతాలు. "తొలకరి దాంక నేనుండలేను సైదమ్మా."

ఎప్పుడూ జవాబు తడుముకోని సైదమ్మ తల వంచుకొని గొర్రెపిల్ల చెవులు సవరించింది. కొంతదూరం నడిచాక అన్నది.

"నేను కిరాయి అర్రల కూసోలేను. నా పుట్టింటి జీవాలు పది నా ఎంబడి వస్తయి. వాటికి జాగ ఉండాలె."

"సూస్త."

"సూస్త అంటె కాదు."

"పెరడున్న ఇల్లు తీసుకుంట. మాట."

ఇక మిగిలింది బీరన్న. ఇన్నాళ్లూ పర్వతాలు ఆయన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. చిన్నాయినా అంటే సైదమ్మ చెల్లెలవుతుంది. ఇంకో మాట అనడానికి గుండె చాలలేదు. ఇప్పుడు మంద ముందుకు వెళ్లి, ఆయన పక్కన అడుగు కలిపి, "మామా," అన్నాడు.

బీరన్న ఆగాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. ఎవరి కొడుకువని అడిగి తెలుసుకొని, తన చేతి కర్ర అతనికిచ్చి, పొద్దు గూకే దాకా మంద నడిపించమన్నాడు.

పర్వతాలు బూట్లతో ఆ రోజంతా నడిచాడు. అతను ఒక పక్కకు పోతే గొర్రెలు ఇంకో పక్కకు చీలాయి. రెండుసార్లు తుమ్మ కంపలో పడ్డాడు. నువ్వు కూడా వెనకోళ్ల పక్కకే పోతున్నవని సైదమ్మ ఏడిపించింది. ఎండ తగ్గేసరికి బూట్లు చేతిలోకి వచ్చాయి. కర్ర మాత్రం వదల్లేదు.

పొద్దు వాలుతుండగా మంద రోడ్డు పక్కన విడిది చేసింది. అప్పుడే మహబూబ్‌నగర్ వైపు నుంచి లారీ వచ్చి ఆగింది. అందులో అరుపులకు గొర్రెలు బెదిరాయి. ఒకటే గోల్‌తో గెలిచామని, ఆ గోల్ తానే కొట్టానని భిక్షం పైనుంచే చెప్పాడు.

"నువ్వు గోల్ దాంక పోతే వెనక నీ జాగల ఎవలున్నరు?" అన్నది సైదమ్మ.

భిక్షం నవ్వు ఆగిపోయింది. ఎవరూ లేరని ఒప్పుకున్నాడు. గెలిచాం కదా, ఇప్పుడు అదెందుకన్నాడు పర్వతాలు. గెలిచినా తప్పు తప్పేనన్నది సైదమ్మ. సెంటర్ హాఫ్ పోకపోతే గోలే లేదన్నాడు పర్వతాలు. లెఫ్ట్ హాఫ్ నడుమకు జరగాల్సిందన్నది ఆమె. లారీలో వాళ్లంతా కిందికి చూస్తూ ఉండిపోయారు. మ్యాచ్ చూడని ఇద్దరు మనుషులు ఆ మ్యాచ్ గురించి కొట్లాడుకుంటున్నారు.

బీరన్న వచ్చి పర్వతాలు చేతిలోంచి కర్ర తీసుకున్నాడు.

"వానలు పడంగనే వస్తం," అన్నాడు. "గప్పటి వరకు ఇల్లు సూడు, నిన్ను సదివిచ్చిన మీ అవ్వను అడుగు. ఆమె సరేనంటె నాకేం ఫికర్ లేదు. గీ కొట్లాట ఇనుకుంట బతుకుడు నీ నసీబు, అల్లుడా."

సైదమ్మ మంద అవతలికి నడిచింది. నవ్వు దాచుకోవడానికి ఆమెకు అంతకంటే దగ్గర చోటు దొరకలేదు.

పర్వతాలు ఎక్కాక లారీ కదిలింది. అందరూ ఫైనల్ ముచ్చట మొదటి నిమిషం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పర్వతాలు జడ్చర్ల చేరే దాకా ఒక్కొక్కరినే పక్కకు లాగి, ఊళ్లో పెరడున్న ఇల్లు ఎవరిదైనా ఖాళీగా ఉందా, యజమాని గొర్రెలకు ఒప్పుకునేవాడేనా అని అడుగుతూనే ఉన్నాడు.