పగటిపూట వచ్చే గొంతు

చేపల వేటకెళ్లిన మెసాకె శవం శుక్రవారం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సోమవారానికల్లా అతని భార్య వసితిని ఊరంతా హంతకురాలిని చేసేసింది.

ఇన్‌స్పెక్టర్ వెనైసి లాంచీ దిగి ఆ ఇంటికి వచ్చేసరికి పదకొండు. గుమ్మంలో వసితి బట్టల మూట. సాయంత్రం అదే లాంచీలో ఆమెను పుట్టింటికి పంపేస్తారట. మొగుడి సమాధి మీద మట్టయినా ఆరలేదు, పాపం.

లోపల, పెద్దవాళ్లు కూర్చునే చోట, తన చాప మీద ఆమె మామ ఇనోసి. పక్కనే పడవలతో మాట్లాడే రేడియో. అందులోంచి ఒకటే బుస. ముసలాయన చెవి దానికే అప్పగించి ఉన్నాడు.

"ఏమిటది పెద్దయ్యా?"

"మావాడు. పొద్దెక్కగానే వస్తాడు, పొద్దుగూకితే పోతాడు. మునిగిన రోజు పిలిచిన పిలుపు ఇంకా పిలుస్తూనే ఉన్నాడమ్మా."

పట్టపగలే వెనైసికి ఒళ్లు జలదరించింది.

ఊరి కానిస్టేబుల్ సెమి జరిగింది చెప్పాడు. "మిట్టమధ్యాహ్నం పడవలోకి నీళ్లొచ్చాయి మేడమ్. మెసాకె అరగంట సేపు రేడియోలో ఇంటికి పిలిచాడు. దూరంగా ఉన్న ఇంకో పడవవాళ్లు విన్నారు. వాళ్లు చేరేలోగా మునిగిపోయాడు. ఈ రేడియో దగ్గరున్నది ఈవిడ. పలకలేదు."

"రేడియో ముందు నుంచి కదల్లేదు," అంది వసితి. "ఈ బుస తప్ప ఏమీ వినపడలేదు. ఇంకెన్నిసార్లు చెప్పను?"

"అబద్ధం. నేనే పరీక్షించాను. మాట గంటలా వినపడింది," అన్నాడు సెమి.

"ఎప్పుడు పరీక్షించావు?" వెనైసి అడిగింది.

"దీపాలు పెట్టే వేళ, మేడమ్."

"పగలు?"

"చనిపోయినవాడు పగలంతా మాట్లాడుతుంటే దాన్ని ఎవడు ముట్టుకుంటాడండీ?"

అంతలో ఎండ మీదికి మబ్బు వచ్చింది. బుస సన్నబడింది. మబ్బు తప్పుకుంది. బుస మళ్లీ లేచింది.

వెనైసి తల ఎత్తింది. "మబ్బుకు జడిసే దయ్యాన్ని ఇప్పుడే చూస్తున్నాను. సెమీ, రెండు చాపలు పట్టుకుని కప్పెక్కు. ఆ సోలార్ పలకలు కప్పెయ్."

చాపలు పడ్డాయి. బుస చటుక్కున ఆగింది.

"వాణ్ణి పంపేయకు తల్లీ," అన్నాడు ఇనోసి.

"ఇవి ఎప్పుడు బిగించారు?"

"ఆ వేటకెళ్లే ముందురోజు," అంది వసితి. "ఆయనే బిగించాడు."

వెనైసి గోడల వెంట నడిచింది. ఎర్ర తీగ తూర్పు గోడన. నల్ల తీగ పడమటి గోడన. రెండూ ఇల్లంతా చుట్టొచ్చి బ్యాటరీ దగ్గర కలిశాయి.

"ఎండ ఉన్నంతసేపూ ఈ బ్యాటరీ పక్క పెట్టె కరెంటును మారుస్తూ గోల చేస్తుంది. రెండు తీగలూ మెలేసి జంటగా తెస్తే ఆ గోల వాటిలోనే అణిగిపోతుంది. ఇలా విడదీసి చుట్టేస్తే ఇల్లే యాంటెన్నా అవుతుంది, ఆ గోలంతా రేడియోలో బుసై మాటను మింగేస్తుంది. పెద్దయ్యా, మీ కోడలు నిజమే చెప్పింది. నడిమి దూలం వెంట తిన్నగా తేవచ్చు కదా, ఎందుకిలా తిప్పాడు?"

"అది మాత్రం అడక్కండి మేడమ్," అంది వసితి.

"చెప్పు," అన్నాడు ఇనోసి.

"చెప్పలేను మామయ్యా."

"చెప్పమన్నానా."

ఆమె నేల చూసింది. "దూలం వెంట వేస్తే తేలిక కదా అన్నాను. దాని కింద నాన్న కూర్చుంటాడు, ఆయన తల మీదుగా వేస్తానా అని నన్నే కసిరాడు."

పెద్దల తల మీదుగా ఏదీ పోకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఊళ్లో ఏ పిల్లవాడూ ఆ తల పక్కనుంచి నిటారుగా నడిచి ఎరగడు. ముసలాయన దూలం వైపు చూశాడు.

"నా తల మీదుగానే వెయ్యండి," అన్నాడు.

సెమి చెప్పులు విప్పి, క్షమించమని అడిగి, దూలం ఎక్కాడు. మెలేసిన తీగలు ఆయన నెత్తి మీదుగా పోతుంటే ఇనోసి కదల్లేదు. చాపలు తీశారు. మండుటెండ. రేడియోలో బుస లేదు. ఆయన చెవి ఆనించి వెతుక్కున్నాడు. కొడుకు లేడు. అప్పుడు ఏడ్చాడు, శవం వచ్చిన రోజు కూడా ఏడవనివాడు.

రేడియో పలికింది. ఎవరిదో పడవ. "ఒడ్డున ఎవరైనా వింటున్నారా?"

ఇనోసి మైకు తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"పలుకమ్మా," అన్నాడు.