వెనక పట్టుకున్న చెయ్యి

పెళ్లి వీడియోలో పెళ్లికూతురు నడిచొస్తుంటే కెమెరా ఆమెకి ఎదురుగా, గాలిలో తేలుతున్నట్టు వెనక్కి పోతుంది చూశారా, అది గింబల్ అని, కెమెరాని అదరనివ్వని మోటార్ల పిడి చేసే పని. చూసేవాళ్లకి భలే ఉంటుంది. తీసేవాడి తిప్పలు తీసేవాడివి. మోకాళ్లు కాస్త వంచి, అడుగు అదరకుండా, వెనక ఏముందో చూడకుండా నడవాలి. అందుకే మా చోడవరం స్టూడియోల్లో గింబల్ పట్టినవాడి నడుం దగ్గర ఇంకొకరు పట్టుకుని నడిపిస్తారు. కుడికి లాగితే కుడికి తిరగాలి. బిగించి పట్టుకుంటే ఆగాలి. తల తిప్పి చూసుకున్నాడంటే షాటు పోయినట్టే.

మా అన్నయ్య బాబీ ఎప్పుడూ తల తిప్పేవాడు కాదు. గింబల్ కొనడానికి వైజాగ్ వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లాడు. షాపువాడు ఫోన్‌కి సరిపోయే చిన్నదాన్ని అంటగట్టబోయాడు. అన్నయ్య సంచిలోంచి తన కెమెరా తీసి, బరువైన లెన్సుతో సహా ఒక్కోదాని మీదా ఎక్కించి, మోటార్లు ఆన్ చెయ్యకుండా వదిలి చూశాడు. ముందుకి వాలకుండా, పక్కకి ఒరగకుండా దానంతటది నిలబడాలట. బ్యాలెన్స్ కుదరకపోతే మోటారు మూలుగుతుందనీ, ఆ మూలుగు బొమ్మలో వణుకై కనబడుతుందనీ చెప్పాడు. షాపువాడి సహనమంతా అయిపోయాక నల్లటి బరువైనదాన్ని ఒకటి ఎంచుకున్నాడు. వెనక పట్టుకునేవాళ్లకి వీలుగా ఉంటుందని వెడల్పాటి తోలు బెల్టు కూడా కొన్నాడు.

ఆ బెల్టే నన్ను నిద్రపోనివ్వలేదు. రోలుగుంట దారిలో ఒక చెరకు తోట ఉంది. చెరకు పూసే రోజుల్లో పెళ్లికి ముందు వీడియోలన్నీ అక్కడే తీస్తారు. తోట పక్కన గట్టు లేని పాత నుయ్యి. నిరుడు అన్నయ్య వెనక్కి నడుస్తూ అందులో పడి చనిపోయాడు. ఆ రోజు వెనక పట్టుకున్నది స్టూడియో ఓనరు దిలీప్. చొక్కా చేతిలోంచి జారిపోయిందని చెప్పాడు. బెల్టు ఉండగా చొక్కా పట్టుకునేది ఎవరు? అన్నయ్య సొంతంగా స్టూడియో పెట్టుకోబోతున్నాడనీ, పెడితే పెద్ద పెళ్లిళ్లన్నీ అన్నయ్య దగ్గరికే వచ్చేవనీ దిలీప్‌కి తెలుసు. చర్చిలో మాత్రం మా అమ్మకంటే ఎక్కువ ఏడ్చాడు. పెట్టె కూడా మోశాడు, మహానుభావుడు.

నేను ఏమీ అడగలేదు. పని నేర్పమని వాడి దగ్గరే చేరాను. ఆ నిజం వాడి నోటంట వినాలి, అంతే నా పంతం. గడ్డిలో దొరికిన అన్నయ్య గింబల్‌ని దిలీప్ గుర్తుగా ఉంచుకున్నానంటూ రోజూ వాడుకునేవాడు. దాని వెనక, వాడి చొక్కా పట్టుకుని, నేను నడిచేదాన్ని.

ఆ తోట పేరెత్తితే దిలీప్ ఏదో ఒక వంక చెప్పేవాడు. కానీ ఈ డిసెంబరులో ఆశ్రిత అనే పెళ్లికూతురు పట్టుబట్టింది. కాబోయే మొగుడు ఎరిక్ కూడా అక్కడే కావాలన్నాడు. దిలీప్ ముందుగా వెళ్లి చోటు చూసుకున్నాడు. నుయ్యి కుడి పక్కన దూరంగా ఉండేలా, తన వెనక తిన్నగా సిమెంటు రోడ్డు వచ్చేలా పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతోంది. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. చెరకాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. కెమెరా వైపు చూడకుండా ఒకరినొకరు చూసుకుంటూ రమ్మని జంటకి చెప్పాడు. గింబల్ సన్నగా మూలిగింది. బ్యాలెన్స్ నేనే సరిచూశాను, అది మూలగకూడదు.

కొంత దూరం నడిచాక ఆశ్రిత గౌను చెరకు మోడుకి చిక్కుకుంది. ఆగమని దిలీప్‌కి చెప్పి, చొక్కా వదిలి, ముందుకి వెళ్లి వంగి గౌను విడిపించాను. తలెత్తి చూస్తే... దిలీప్ ఆగలేదు. వెనక్కి నడుస్తూనే ఉన్నాడు.

చొక్కా గుండీలు తెగిపోయేంత బిగుసుకున్నాయి. వెనక నుంచి ఎవరో గుప్పిట పట్టి లాగుతున్నట్టు.

"మెల్లిగా లాగమ్మా శాలోమీ. సొక్కా సిరిగిపోద్ది."

"నేను ఇక్కడున్నానన్నా."

కెమెరా మీంచి నన్ను చూశాడు. ముఖంలో రక్తం లేదు.

"మరి... ఎనకాల ఎవలు?"

చొక్కా కుడికి లాగింది. ఏళ్ల అలవాటు కదా, కాళ్లు కుడికి తిరిగాయి. తల తిప్పలేదు. తిప్పలేకపోయాడేమో. బెల్లం వాసన పోయింది. నాచు వాసన... తడి తోలు వాసన...

"బాబీ. వదల్రా."

అడుగు. ఇంకో అడుగు.

"బెల్టు నా సేతిలోనే ఉంది... నేనే వదిలేసేను. తప్పయిపోనాదిరా."

విన్నాను. ఏడాదిగా ఆ మాట కోసమే బతికాను. విన్నాక కడుపు చల్లబడిందంటే అబద్ధం కాదు. నాకు నవ్వొచ్చింది కూడా.

"నీ అన్నని ఆగమని సెప్పమ్మా. నువ్వు సెప్తే ఇంటాడు."

చెప్పాను. దేవుడి మీద ఒట్టు, చెప్పాను. కళ్లముందు మనిషి చస్తుంటే ఊరుకోలేకపోయాను. చేతులు రెండూ ఎత్తి, అన్నయ్యా వద్దు, ఆపు, అని గొంతు పోయేలా అరిచాను.

గడ్డి పక్కకి ఒరిగింది. దిలీప్ కనబడలేదు. నీళ్ల చప్పుడు...

ఎరిక్ వచ్చి పట్టుకునేసరికి నేను నూతి అంచున నిలబడి ఉన్నానట. గింబల్ నా చేతిలో ఉందట. నేను అక్కడిదాకా నడిచినట్టు నాకు గుర్తులేదు. కాలు జారిందని ఊరంతా మళ్లీ అదే మాట అనుకున్నారు. కెమెరాలోని మెమరీ కార్డు నా దగ్గరే ఉంచుకుని, ఇంటికెళ్లి తలుపేసుకుని వీడియో పెట్టాను.

బొమ్మ ఎక్కడా వణకలేదు. జంట ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు. పక్కన నేను. దిలీప్ అన్న ప్రతి మాటా వినబడుతోంది. నా అరుపు లేదు. మళ్లీ పెట్టాను. దగ్గరకి లాగి చూశాను. నా నోరు మూసుకునే ఉంది. లారీని వెనక్కి తీయించే క్లీనర్‌లా చెయ్యి ఊపుతున్నాను, ఇంకా, ఇంకా అని.

నీళ్ల చప్పుడు అయింది. కెమెరా కిందకి పోలేదు. మనిషి ఎత్తులో, ఎవరో పట్టుకున్నట్టు తిన్నగా, అంచు మీదే నిలబడింది. అప్పుడు బొమ్మలో నా చెయ్యి కెమెరా వైపు తిరిగింది. రమ్మని పిలుస్తోంది. అడుగు అదరకుండా, మెల్లగా, బొమ్మ నా దగ్గరకి వస్తోంది.