అద్దాల రేవు, ఏడో భాగం

"దీన్ని కోసింది ఎవరు?"

తలెత్తి చూశాను. లైబ్రరీ కింది అంతస్తులో, జిగురు వాసన కొట్టే నా బైండింగ్ గదికి చదువుకునేవాళ్ళెవరూ రారు. ఆ అమ్మాయి వచ్చింది. ముక్కు మీద కోపం, దాని మీద గుండ్రటి కళ్ళజోడు, చేతిలో 'అద్దాల రేవు' మూడో భాగం.

"కోయడమేంటండీ? బైండింగ్ చేశాను. అంచులు నలిగిపోతే మిషన్ మీద పెట్టి సమానంగా కత్తిరిస్తాం."

"అంచుల్లో పెన్సిల్ రాతలున్నాయిగా!"

"ఉన్నాయి. ఎవరో పనిలేనివాళ్ళు గీకి పెట్టారు. పీడా వదిలింది."

ఆమె నన్నొక చూపు చూసింది. అంత పదును నా మిషన్‌కి కూడా లేదు. ఇంకో మాట అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఎదురు వీధిలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందని మా లైబ్రేరియన్ మేడమ్ చెప్పారు. రోజూ లంచ్ టైములో వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర ఆ సిరీసే చదువుతుందట.

"ఇంటికి తీసుకెళ్ళదు. ఎందుకని మాత్రం అడక్కు" అన్నారు మేడమ్.

అడగలేదు. చూడటం మొదలుపెట్టాను.

పుస్తకం తన ముందు పెట్టుకోదు. తనకీ, పక్కనున్న ఖాళీ కుర్చీకీ మధ్య పెడుతుంది. పేజీ అయిపోయినా వెంటనే తిప్పదు. కాసేపు ఆగి, పక్కకి వంగి, "అయిందా?" అంటుంది మెల్లగా. అప్పుడు తిప్పుతుంది.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పట్టపగలు, చుట్టూ పదిమంది జనం. అయినా ఆ పూటంతా సూదిలో దారం ఎక్కలేదు నాకు.

అంతగా ఏముందో చూద్దామని ఓ ఆదివారం పొద్దున మొదటి భాగం తెరిచాను. పిల్లల పుస్తకమేగా, గంటలో తిప్పేద్దాం అనుకున్నాను. ఒక ఊళ్ళో ప్రతి అద్దం వెనకా ఒక రేవు ఉంటుంది. అవతలి ఒడ్డున పోయినవాళ్ళు ఉంటారు. పడవ పిల్ల అనే పదిహేనేళ్ళ అమ్మాయి అటు మాటలు ఇటు మోసుకొస్తుంటుంది. మోసిన ప్రతి మాటకీ పడవ కొంచెం బరువెక్కుతుంది. ఏదో ఒక రోజు అది అవతలే ఉండిపోతుంది.

అంతే, మునిగిపోయాను. అన్నం తింటూ చదివాను. బస్సులో చదువుతూ రెండు స్టాపులు దాటిపోయాను. వారం తిరిగేసరికి గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడాలంటే బెరుకు మొదలైంది.

ఒక వానరోజు ధైర్యం చేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"మీ పడవ పిల్ల ఆ తాళం నీళ్ళలో పారేయకుండా ఉండాల్సిందండీ."

ఆమె ఉలిక్కిపడి చూసింది. "మీరు చదివారా?"

"అతికించేవాడికి చదువు రాదనుకున్నారా?"

"కోయడం వచ్చని తెలుసు."

నవ్విందో లేదో సరిగ్గా తెలియలేదు కానీ పెదవి కొసన ఏదో కదిలింది. ఆ కాస్త చాలు నాకు. చనువుగా ఖాళీ కుర్చీ లాగబోయాను.

"అక్కడ కాదు!"

హాలంతా మావైపు తిరిగింది. "ఎదురుగా కూర్చోండి" అంది, గొంతు తగ్గించి.

కుర్చీ మీంచి చెయ్యి తీశాను. అప్పుడు తెలిసింది, అది వెచ్చగా ఉంది. ఎండ పడిందనుకోవడానికి, బయట పొద్దుటి నుంచీ వాన.

ఆ రోజు నుంచి లంచ్ టైము నాది కూడా అయింది. ఆమె చదివేది, నేను ఎదురుగా కూర్చుని అందులోవాళ్ళ మీద చాడీలు చెప్పేవాణ్ణి. ఆమె పడవ పిల్ల పక్షం. నేను పడవ కట్టిన ముసలాయన పక్షం. పోట్లాడుకునేవాళ్ళం. గెలిచినప్పుడల్లా ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకునేది. ఆ కళ్ళు చూడటానికే నేను చాలాసార్లు కావాలని ఓడిపోయాను.

ఆరో భాగం సగానికి వచ్చేసరికి నాకు గుబులు పట్టుకుంది. మిగిలింది ఒక్క భాగం. అదీ నా గదిలోనే ఉంది, కుట్లు ఊడి, చివరి కాగితం చిరిగి. అది అయిపోతే ఆమె ఇక్కడికెందుకు వస్తుంది?

రెండు రోజుల్లో దాన్ని బాగుచేశాను. మూడు వారాలు దాచాను.

"ఏడో భాగం ఎక్కడండీ?"

"ప్రెస్ కింద ఉంది. జిగురు ఆరాలి."

"ఎన్నాళ్ళు ఆరుతుందండీ ఆ జిగురు?"

"వానలు కదా!"

చివరికి మేడమే నా కొంప ముంచారు. "అదేంటమ్మా, ఎప్పుడో అయిపోయిందన్నాడుగా?" అనేశారు ఆమె ముందే.

మళ్ళీ నా గదికి వచ్చింది. ఈసారి కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది నన్ను.

"ఎందుకు దాచారు?"

ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. "అది అయిపోతే మీరు రారని. మీరంటే నాకు ఇష్టం. అందుకని."

ఆమె నా బల్ల మీది దారపు ఉండని వేలితో దొర్లించింది.

"నాకూ అదే భయం" అంది. "అది అయిపోతే మా అక్క రాదు."

స్టూలు మీద కూలబడి చెప్పింది. ఈ పిచ్చి అంటించింది అక్కేనట. ముందు తను చదివేసి, చెల్లెలి కోసం అంచుల్లో రాసిపెట్టేది. ఇక్కడ భయపడకు, ఇక్కడ నవ్వుకో, ఈ వెధవని నమ్మకు, అని. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మళ్ళీ చదివేవాళ్ళు. ఐదో భాగం వచ్చిన నెలకి అక్క జ్వరంతో పోయింది. ఆ పుస్తకాలు ఇంట్లో చూడలేక నాన్న మొత్తం తెచ్చి లైబ్రరీకి ఇచ్చేశారు.

"ఆరు, ఏడు అక్క చూడలేదు. అందుకని మొదటి నుంచీ తనకి చదివిపెడుతున్నాను. నాకు పిచ్చి అనుకున్నా సరే."

మూడో భాగం అంచులు చెత్తబుట్టలో పడేసిన నా చేతులకేసి చూసుకున్నాను. తల కొట్టేసినట్టయింది. "క్షమించండి" అన్నాను. బీరువా తెరిచి ఏడో భాగం ఆమె చేతిలో పెట్టాను.

"పైకి రండి" అంది. "ఒక్కదాన్నే చదవలేను."

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చివరి రోజు కరెంటు లేదు, ఫ్యాన్లు ఆగిపోయి హాలు ఉక్కపోతగా ఉంది. పడవ పిల్ల మోసిన మాటలన్నీ నీళ్ళలో వదిలేసి, తేలికైన పడవతో ఇవతలి ఒడ్డుకి వచ్చింది. కథ అయిపోయింది. ఆమె చెంపల మీద నీళ్ళు.

"అయిందా?" అంది పక్కకి వంగి.

గాలి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. కాగితం మెల్లగా లేచి తిరిగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద కనిపించింది నేను అతికించిన చివరి కాగితం. చిరిగినవాటి బదులు పాత పుస్తకాల్లోంచి ఖాళీ కాగితం తీసి అతికిస్తాం, రంగు కలుస్తుందని. దీనికోసం వాళ్ళ నాన్న ఇచ్చిన మొదటి భాగం వెనక ఉన్నది తీశాను. రెండు వైపులా చూసే తీశాను. ఖాళీ కాగితం. ఒట్టు.

ఇప్పుడు దాని మీద పెన్సిల్ రాత ఉంది. చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు.

"అక్క రాత" అంది. వేలు పెట్టి పైకి చదివింది.

"చివరిదాకా వచ్చేశావా? ఏడవకు, పిచ్చిదానా. అది ఒడ్డుకి వస్తుందని నాకు ముందే తెలుసు. ఇక నాకోసం పేజీల దగ్గర ఆగకు. ఎదురుగా కూర్చున్నవాళ్ళతో కబుర్లు చెప్పు."

ఎప్పుడు రాసింది? ఏడో భాగం అచ్చు కాకముందే పోయిన మనిషి, ఎదురుగా ఎవరు కూర్చుంటారనుకుంది? కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"భయమేస్తోందా?" అంది.

"చాలా."

"నాకు వేయడం లేదు." కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత నిద్ర సరిపోయినట్టుంది ఆ ముఖం.

లంచ్ టైము అయిపోవచ్చింది. సిరీస్ అయిపోయింది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేను.

"రేపు వస్తారా?"

"చదవడానికి ఏం లేదుగా?"

"ఏం లేకపోయినా."

ఆమె లేచి నిలబడింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వస్తాను. అక్క చెప్పిందని మాత్రం కాదు" అంది. "నాకు రావాలనుంది."